ఐదో కాలమ్‌లో ఏముంది?

సంక్రాంతి ముగ్గులు చెదరనే లేదు. కంప్యూటర్ మాత్రం జనవరిలో 434 మిల్లీమీటర్ల వాన కురిసిందని లెక్క తేల్చింది! తప్పు ఎవరిది? యంత్రానిదా, మనిషిదా?

కామారెడ్డి నుంచి నిజామాబాద్ వెళ్లే దారిలో, 44వ నంబరు జాతీయ రహదారి మీద సదాశివనగర్ వస్తుంది. మండల కేంద్రం. అక్కడ ఓ ఇల్లు ఉందనుకుందాం. వరండాలో మంచం మీద తాత. గడప దగ్గర డిగ్రీ చదివే మనవరాలు. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కాలేజీ ప్రాజెక్టు చేసుకుంటోంది. ‘మా మండలంలో వానలు’ అన్నది ఆ అమ్మాయి ఎంచుకున్న అంశం. రోజువారీ వాతావరణ వివరాల పట్టిక తెచ్చుకుంది. నాలుగు వరసల ప్రోగ్రామ్ రాసింది. నెలనెలా ఎంత వాన పడిందో కూడించింది.

‘‘తాతా, మొన్న జనవరిల మన మండలంల 434 మిల్లీమీటర్ల వాన పడ్డదట. నీకెరుకేనా?’’

తాత మనవరాలి వంక ఎగాదిగా చూశాడు.

‘‘ఏంది బిడ్డా! సంకురాత్రికి మీ అమ్మ ఏసిన ముగ్గు గూడ చెదరలే. గంత వాన యాడ పడ్డది?’’

‘‘కంప్యూటర్ చెప్తున్నది తాతా.’’

‘‘దానికేమెరుక? నేను రెండు దుప్పట్లు కప్పుకున్న. జనవరిల పడ్డది వాన గాదు బిడ్డా, సలి!’’

తాతకు తెలియకుండానే తప్పు ఎక్కడుందో చెప్పేశాడు. అమ్మాయి పట్టిక తెరిచి చూసింది. ప్రోగ్రామ్ కూడించింది వానను కాదు, చలినే! రోజూ నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతలను ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయింది. రోజుకు సగటున 14 డిగ్రీలు, నెలకు 31 రోజులు. మొత్తం 434. కూడిక ఒక్క అంకె కూడా తప్పలేదు. కూడిన కాలమే తప్పు.

ఈ ఇల్లూ, ఈ ముచ్చటా ఊహ. కానీ ఇలాంటి పొరపాటు మాత్రం ఊహ కాదు. పట్టికలతో పనిచేసే ప్రతి ఆఫీసులోనూ, ప్రతి కాలేజీలోనూ ఏదో ఒక రోజు ఎదురయ్యేదే.

వరస సంఖ్యా? పేరా?

ఇంతకీ ఏం జరిగింది?

ఆ పట్టికలో నిలువు వరుసలు అంటే కాలమ్‌లు ఇలా ఉన్నాయనుకోండి. మొదటిది క్రమసంఖ్య. రెండోది జిల్లా. మూడోది మండలం. నాలుగోది తేదీ. ఐదోది వర్షపాతం. ఆరోది కనిష్ఠ ఉష్ణోగ్రత. ఏడోది గరిష్ఠ ఉష్ణోగ్రత. అమ్మాయి ఒకసారి కళ్లతో లెక్కపెట్టుకుని ప్రోగ్రామ్‌లో ‘ఐదో కాలమ్ తీసుకో, కూడు’ అని రాసింది. మొదటి ఫైలుకు అంతా సరిగ్గానే వచ్చింది.

తర్వాత తెచ్చుకున్న ఫైలులో ఓ చిన్న తేడా ఉంది. క్రమసంఖ్య కాలమ్ తీసేశారు. దాంతో మిగిలినవన్నీ ఒక్కో అడుగు ఎడమకు జరిగాయి. ఐదో స్థానంలోకి కనిష్ఠ ఉష్ణోగ్రత వచ్చి కూర్చుంది. ప్రోగ్రామ్‌కు ఇవేవీ తెలియవు. దానికి చెప్పింది ‘ఐదోది’ అని. ఐదోదే తీసుకుంది.

పెళ్లి భోజనాల పంక్తి గుర్తు తెచ్చుకోండి. ‘ఎడమ నుంచి ఐదో విస్తరిలో కారం లేని కూర వెయ్యండి, ఆయనకు ఒంట్లో బాగాలేదు’ అని వడ్డించేవాడికి చెప్పారు. అతను గరిటె పట్టుకుని వచ్చేలోగా మొదట్లో కూర్చున్నాయన ఫోన్ వచ్చిందని లేచి వెళ్లాడు. అందరూ ఒక్కో ఆకు జరిగారు. చప్పిడి కూర ఎవరికి పడింది? కారం కూర ఎవరికి పడింది? వడ్డించేవాడి తప్పు ఇసుమంతైనా లేదు. చెప్పినట్టే చేశాడు. అదే ‘ఫలానా బాబాయిగారికి’ అని పేరు చెప్పి ఉంటే ఆయన ఏ ఆకు ముందు కూర్చున్నా వెతికి మరీ వడ్డించేవాడు.

పట్టికలోంచి కాలమ్‌ను పిలవడానికీ ఇవే రెండు దారులు. ఒకటి, అది ఎన్నోదో చెప్పడం. రెండోది, దాని పేరు చెప్పడం. మొదటి దారి సులువు. రెండోదానికి నాలుగు అక్షరాలు ఎక్కువ టైప్ చెయ్యాలి. ఆ బద్ధకమే ఒక్కోసారి కొంప ముంచుతుంది.

అరిచే తప్పు, అరవని తప్పు

పేరుతో పిలిచినా తప్పులు రావా? వస్తాయి. ‘వర్షపాతం’ అని ఉన్న కాలమ్‌కు తర్వాతి ఏడాది ‘వర్షపాతం మి.మీ.లలో’ అని పేరు మార్చారనుకోండి. పాత ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ‘అలాంటి పేరున్న కాలమ్ ఇక్కడ లేదు’ అని అరుస్తుంది. విసుగొస్తుంది. అయినా మంచిదే. అరిచింది కాబట్టి వెళ్లి చూస్తాం. సరిచేస్తాం.

వరస సంఖ్యతో పిలిస్తే ఆ అరుపు ఉండదు. ఐదో స్థానంలో ఏదో ఒకటి ఉంటుంది కదా! అందులో ఊరి పేర్లో తేదీలో ఉంటే కూడిక కుదరక కంప్యూటర్ మొరాయిస్తుంది. అదృష్టం బాగుంటే అలా బయటపడతాం. అక్కడ కూడా అంకెలే ఉంటే మాత్రం ఎవరికీ అనుమానం రాదు. 22.4 మిల్లీమీటర్ల వానా, 22.4 డిగ్రీల ఉష్ణోగ్రతా పట్టికలో ఒకేలా కనిపిస్తాయి. అంకె పక్కన అది వాన అనో, చలి అనో రాసి ఉండదు. ఆ సంగతి చెప్పేది పైనున్న శీర్షిక ఒక్కటే. శీర్షికను చూడకుండా స్థానాన్ని మాత్రమే నమ్మితే అంకె అనాథ అయిపోతుంది.

ఇంకో చిక్కు. ఇదే తప్పు జనవరిలో కాక జులైలో జరిగి ఉంటే? ఆ నెలలో రాత్రి ఉష్ణోగ్రత 23 డిగ్రీల వరకూ ఉంటుంది. 31 రోజులకు కూడితే 713 వస్తుంది. వానాకాలంలో 713 మిల్లీమీటర్లంటే ‘ఈసారి బాగానే కురిసిందే’ అనుకుంటాం తప్ప ఉలిక్కిపడం. తాత కూడా ‘అయితే అయ్యుంటది బిడ్డా’ అనేవాడేమో! నమ్మేలా ఉన్న అబద్ధమే అసలైన ప్రమాదం.

లేని వానను చూపించడమే కాదు, ఉన్న వానను దాచెయ్యడం కూడా ఈ తప్పుకు తెలుసు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం చిల్లు పడింది. రాజంపేట మండలం ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా, అంటే 400 మిల్లీమీటర్లకు మించి కురిసింది. జాతీయ రహదారి మీద వాహనాలు నిలిచిపోయాయి. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి రోజున పై ప్రోగ్రామ్‌ను నడిపితే ఏం చూపిస్తుంది? ఇరవై, ఇరవై రెండు అని రాత్రి ఉష్ణోగ్రతను చూపించి ఊరుకుంటుంది. చూసేవాళ్లు మామూలు వానే అనుకుంటారు. వరద హెచ్చరికకైనా, పంట నష్టం అంచనాకైనా ఆధారం ఇలాంటి పట్టికలే. ఒక్క కాలమ్ పక్కకు జరిగితే ఎంత దూరం పోతుందో ఆలోచించండి.

పహాణీ నేర్పే పాఠం

నిజానికి కాలమ్‌ల గొడవ తెలంగాణ పల్లెలకు కొత్తది కాదు. కంప్యూటర్లు రాకముందు నుంచే తెలుసు. పహాణీ అంటేనే కాలమ్‌లు. సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి రకం, నీటి వసతి, ఖాతా నంబరు, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు... ఇలా అడ్డంగా సాగిపోతుంది. భూమి ఎవరి పేరున ఉందో ఒక కాలమ్ చెబుతుంది. దాన్ని ఎవరు దున్నుకుంటున్నారో ఇంకోటి చెబుతుంది. రెండిట్లోనూ ఉండేవి మనుషుల పేర్లే. దగ్గరదగ్గరగానే ఉంటాయి. ఒకటి చూడబోయి ఇంకోటి చూస్తే యజమాని మారిపోతాడు! 1954-55 నాటి ఖాస్రా పహాణీని ఇప్పటికీ కోర్టుల్లో చూపిస్తుంటారు. అంత పాత కాగితాన్ని చదివేటప్పుడు అనుభవజ్ఞులు ముందు పై శీర్షిక చదివాకే కింద పేరు చదువుతారు. ఎన్నో కాలమ్ అన్నది ఫారాన్ని బట్టి మారుతుందని వాళ్లకు తెలుసు.

కాలమ్‌లు మారడమే కాదు, మాయమవడం కూడా తెలంగాణ చూసింది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. అందులో పట్టాదారు వివరాలున్నాయి గానీ పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ లేదు. మంచో చెడో, దాని మీద ఏళ్ల తరబడి చర్చ సాగింది. ఆ తర్వాత భూ భారతి చట్టం వచ్చింది. 2025 ఏప్రిల్ 14న భూ భారతి పోర్టల్ ప్రారంభమైంది. ముందుగా నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. వాటిలో ఒకటి ఇదే కామారెడ్డి జిల్లాలో, ఇదే ఎల్లారెడ్డి నియోజకవర్గంలో ఉన్న లింగంపేట. అంటే ఈ ప్రాంతపు రైతులు కొద్ది ఏళ్లలోనే ఒకే భూమి వివరాలను రకరకాల పట్టికల్లో చూశారన్నమాట. ఈ పట్టికలన్నిటికీ ఒకే ప్రోగ్రామ్ రాసి ‘ఫలానా నంబరు కాలమ్ తీసుకో’ అంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక్కడే ఇంకో సంగతి. కాలమ్ పేరు తెలిస్తే చాలదు. అందులోని అంకె ఏ లెక్కలో ఉందో కూడా తెలియాలి. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. పహాణీలో 1.20 అని ఉంటే ఒకటీ పాయింట్ రెండు ఎకరాలు కాదు. ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరికి 1.20, ఇంకొకరికి 1.30 ఉందనుకోండి. కంప్యూటర్‌ను కూడమంటే 2.50 అంటుంది. ఊళ్లో ఎవరినడిగినా మూడెకరాల పది గుంటలంటారు. 20 గుంటలూ 30 గుంటలూ కలిస్తే 50. అందులో 40 పోతే ఎకరం, మిగిలింది పది. అదే కోస్తా జిల్లాల్లో అయితే ఎకరానికి వంద సెంట్లు. అక్కడ 2.50 అంటే నిజంగానే రెండున్నర ఎకరాలు. పైన రాసిన శీర్షిక ‘విస్తీర్ణం’ ఒక్కటే. లోపలి లెక్కలు వేరు.

సున్నా నుంచా? ఒకటి నుంచా?

సరే, పట్టిక మారలేదు. కాలమ్‌లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పుడైనా వరస సంఖ్య క్షేమమేనా? అక్కడా ఓ మెలిక ఉంది. ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్నది ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది.

ఇప్పుడు కాలేజీ పిల్లలు ఎక్కువగా నేర్చుకుంటున్నది పైథాన్. అందులో పట్టికల పనికి పాండాస్ అనే పనిముట్ల పెట్టె ఉంది. 2008లో వెస్ మెకిన్నీ మొదలుపెట్టారు. అందులో స్థానాన్ని బట్టి కాలమ్‌ను తీసే ఆదేశం పేరు ఐలాక్. పేరును బట్టి తీసేది లాక్. ఐలాక్ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. మొదటి కాలమ్ సున్నా, రెండోది ఒకటి. మనకు ఐదో కాలమ్ కావాలంటే నాలుగు అని రాయాలి.

గణాంక శాస్త్రం చదివేవాళ్లు ఎక్కువగా వాడే ఆర్ భాషలో అయితే లెక్క ఒకటి నుంచే. ఐదోది కావాలంటే ఐదే. ఎక్సెల్‌లో వీలుకప్ వాడేవాళ్లకూ అంతే. కాకపోతే అక్కడ లెక్క షీటు మొదటి కాలమ్ నుంచి కాదు, మనం గీత గీసి ఎంచుకున్న ప్రాంతపు మొదటి కాలమ్ నుంచి మొదలవుతుంది. మధ్యలో ఓ కొత్త కాలమ్ చొప్పిస్తే వీలుకప్‌లో రాసిన అంకె దానంతటది మారదు. ఆఫీసుల్లో జీతాల పట్టికలు తారుమారయ్యేది ఇలాగే.

వరసగా కొన్ని కాలమ్‌లు కావాలంటే ఇంకో తిరకాసు. పైథాన్‌లో ‘2 నుంచి 5’ అంటే 2, 3, 4 మాత్రమే వస్తాయి. చివరి అంకెను వదిలేస్తుంది. ఆర్‌లో అదే రాస్తే ఐదు కూడా వస్తుంది. ఇక మైనస్ ఒకటి అని రాస్తే? పైథాన్‌లో ‘చిట్టచివరి కాలమ్ ఇవ్వు’ అని అర్థం. ఆర్‌లో ‘మొదటిది వదిలేసి మిగిలినవన్నీ ఇవ్వు’ అని అర్థం. ఒకే గుర్తు, పూర్తిగా వేరే ఫలితం! పేరుతో పిలిచేవాళ్లకు మాత్రం ఏ భాషలోనైనా వాన వానే.

ఈ అలవాటు ఎక్కడిది?

స్థానాన్ని బట్టి చదవడం కంప్యూటర్ల పుట్టుకతో వచ్చిన అలవాటు. ఐబీఎం సంస్థ 1928లో 80 కాలమ్‌ల పంచ్ కార్డును తెచ్చింది. అట్ట ముక్క మీద చిల్లులు. ఆ అట్ట మీద శీర్షికలను చదివే తెలివి యంత్రానికి లేదు. ‘ఒకటి నుంచి ఆరు వరకూ ఖాతా నంబరు, ఏడు నుంచి ఇరవై ఆరు వరకూ పేరు’ అని మనుషులే ముందుగా ఒప్పందం చేసుకోవాలి. ఆ ఒప్పందమే కోబాల్ కాలపు ఫైళ్లలోకీ వచ్చింది. చోటు కలిసొస్తుందని సంవత్సరానికి రెండే స్థానాలు కేటాయించారు. 1998కి 98 అని, 1999కి 99 అని. మరి 2000 వస్తే? సున్నా సున్నా! ఆ వైటూకే గండాన్ని దాటించడానికే 1990ల చివర్లో ఎంతోమంది తెలుగు కుర్రాళ్లు కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కారు. ఎన్నో తెలుగు ఇళ్లలో ‘మావాడు స్టేట్స్‌లో ఉన్నాడు’ అన్న మాట వెనుక ఆ రెండు స్థానాల కథ ఉంది.

దీనికి విరుగుడు చెప్పినవాడు ఐబీఎంలోనే ఉన్నాడు. ఎడ్గర్ కాడ్ 1970 జూన్‌లో ప్రచురించిన ఓ వ్యాసం ఇప్పటి డేటాబేస్‌లన్నిటికీ పునాది. పెద్ద పట్టికల్లో కాలమ్‌ల వరసను గుర్తుపెట్టుకునే భారం వాడేవాళ్ల మీద వెయ్యకూడదని ఆయన అందులో వాదించారు. ఏది ఎన్నోదన్నది యంత్రం చూసుకోవాలి, మనిషి పేరుతో పిలవాలి అన్నది దాని సారం. యాభై ఏళ్లు దాటినా ఆ మాట ఇంకా పూర్తిగా ఒంటబట్టలేదు.

పదేళ్ల పంతం

ఆర్ భాషలో పెద్ద పట్టికల కోసం డేటా టేబుల్ అనే ప్యాకేజీ ఉంది. మ్యాట్ డౌల్ రూపొందించిన ఈ ప్యాకేజీ 2006లో బయటికొచ్చింది. దానికో వింత గుణం ఉండేది. ‘ఐదో కాలమ్ ఇవ్వు’ అనే ఉద్దేశంతో 5 అని రాస్తే కాలమ్ బదులు ఐదు అనే అంకెనే చేతిలో పెట్టేది! కొత్తవాళ్లు జుట్టు పీక్కునేవారు. స్థానాన్ని బట్టే కావాలంటే విడిగా ఇంకో మాట చేర్చి అడగాల్సి వచ్చేది.

ఎందుకలా అంటే రూపకర్తలు తమ ప్రశ్నోత్తరాల పుస్తకంలో కారణం రాశారు. కాలమ్‌ను సంఖ్యతో పిలవడం మంచి అలవాటు కాదన్నది వాళ్ల మాట. మీ తర్వాత ఆ ప్రోగ్రామ్ చదివేవాళ్లు ఐదోది ఏదో వెతుక్కోవాలి. పైన ఎక్కడో వరస మారితే కింద చడీచప్పుడు లేకుండా తప్పు లెక్క వస్తుంది. అదీ వాళ్ల భయం. చివరికి 2016 నవంబరులో వచ్చిన 1.9.8 వెర్షన్‌లో పట్టు సడలించారు. అప్పటి నుంచి 5 అని రాస్తే ఐదో కాలమే వస్తోంది. తలుపు తెరిచారు గానీ హెచ్చరిక బోర్డు మాత్రం తీసెయ్యలేదు.

పాండాస్‌లోనూ ఇలాంటి కథే జరిగింది. అందులో ఒకప్పుడు ఐఎక్స్ అనే ఆదేశం ఉండేది. మనం రాసింది పేరో స్థానమో అదే ఊహించుకునేది. పేర్లే అంకెలైతే? 2015, 2016 అంటూ సంవత్సరాలే శీర్షికలైతే? ఊహ తప్పేది. 2017లో దాన్ని వాడొద్దన్నారు. 2020లో పూర్తిగా తీసేశారు. పేరైతే లాక్, స్థానమైతే ఐలాక్. ఏది కావాలో మీరే తేల్చి చెప్పండి అన్నారు.

పెద్దలకూ తప్పలేదు

ఇదంతా పిల్లల ప్రాజెక్టులకేలే అనుకోకండి. కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఆర్థికవేత్తలు. దేశాల అప్పులు పెరిగితే వృద్ధి ఎలా తగ్గుతుందో చెబుతూ 2010లో ఓ పత్రం ప్రచురించారు. ఎన్నో దేశాల్లో నాయకులు దాన్ని ఉదహరించారు. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి ఆ లెక్కను మళ్లీ చేసి చూడబోయాడు. ఎంతకీ కుదరలేదు. అసలు ఎక్సెల్ షీటే తెప్పించుకుని చూశాడు. సగటు తియ్యాల్సింది 30వ వరస నుంచి 49వ వరస వరకూ. షీటులో ఉన్నది 30 నుంచి 44 వరకే! ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు.

ఇక్కడ జారింది నిలువు వరుస కాదు, అడ్డ వరుస. కానీ జబ్బు ఒకటే. స్థానాలను అంకెలతో ఎంచుకోవడం, ఎంచుకున్నది సరైనదో కాదో చూసుకోకపోవడం. ఆ ఒక్క పొరపాటుతోనే మొత్తం మారిపోలేదు. లెక్కలో వేరే అభ్యంతరాలు కూడా ఉన్నాయి. అన్నీ కలిపి సరిచేస్తే, అప్పు బాగా ఎక్కువున్న దేశాల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం కాదు, 2.2 శాతం అని హెర్న్‌డన్, ఆయన ఇద్దరు ప్రొఫెసర్లు తేల్చారు. తాము కొన్ని వరసలు వదిలేసిన మాట నిజమేనని మూల రచయితలూ ఒప్పుకున్నారు.

అయితే వరస సంఖ్యే వద్దా?

అలా కూడా కాదు. దానికీ తన చోటు ఉంది. శీర్షికలే లేని పాత ఫైళ్లుంటాయి. వాటిలో స్థానమే దిక్కు. కాలమ్‌లు రెండు మూడు వందలున్నప్పుడు ‘మొదటి నాలుగూ చూపించు’ అనడమే తేలిక. నెలల పేర్లతో పన్నెండు కాలమ్‌లు వరసగా ఉంటే వాటిని ఒక్కొక్కటిగా పేరు పెట్టి పిలవడం కన్నా ‘మూడు నుంచి పద్నాలుగు’ అనడం సుఖం. పట్టికను మీరే తయారు చేసి, మీరే అప్పటికప్పుడు వాడుకుంటుంటే ఏ దిగులూ లేదు. పట్టిక వేరేవాళ్ల చేతిలో ఉన్నప్పుడే, రేపు మళ్లీ వాడాల్సి ఉన్నప్పుడే ఆచితూచి అడుగెయ్యాలి.

ఇంట్లో పిల్లలు ఇలాంటి చదువు చదువుతుంటే ఈ నాలుగు జాగ్రత్తలూ వాళ్ల చెవిన వెయ్యండి.

* ఎక్కడ వీలైతే అక్కడ కాలమ్‌ను పేరుతోనే పిలవాలి. తప్పదనుకుని సంఖ్య వాడితే, ఆ స్థానంలో ఉన్న శీర్షిక అనుకున్నదేనా అని ప్రోగ్రామ్ చేతే ముందు అడిగించాలి. కాకపోతే అక్కడే ఆగిపొమ్మనాలి.

* కొత్త ఫైలు తెరవగానే కాలమ్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టించాలి. నిన్న పది, ఇవాళ తొమ్మిది అయితే ఏదో జరిగిందన్నమాటే. కామాలతో విడదీసిన ఫైళ్లలో ఇది మరీ ముఖ్యం. కొటేషన్ గుర్తుల్లో పెట్టకుండా 1,20,000 అని రాస్తే ఆ ఒక్క మొత్తం మూడు కాలమ్‌లుగా విడిపోతుంది.

* కాలమ్‌లో కనిష్ఠం, గరిష్ఠం చూడాలి. నెలంతా ఒక్క రోజు కూడా సున్నా లేని వాన కాలమ్ అంటే అనుమానించాల్సిందే. రోజూ వాన పడదు కదా!

* చివరికొచ్చిన అంకెను ఆ విషయం తెలిసిన మనిషికి చూపించాలి. వాన లెక్కయితే రైతుకు. కిరాణా లెక్కయితే కొట్టు నడిపే మామయ్యకు. వాళ్లకు ప్రోగ్రామ్ రాయడం రాకపోవచ్చు. అంకె నిజమో కాదో మాత్రం ఇట్టే పసిగడతారు.

మళ్లీ సదాశివనగర్ వరండాకు వద్దాం. అమ్మాయి ‘ఐదోది’ అన్న చోట ‘వర్షపాతం’ అని మార్చింది. మళ్లీ నడిపింది.

‘‘తాతా, జనవరిల వాన సున్నానట.’’

‘‘గట్ల చెప్పు. గిప్పుడు నీ కంప్యూటర్‌కు నిజం ఎరుకైంది.’’

‘‘దానికి కాదు తాతా, నాకు ఎరుకైంది. పేరు పెట్టి పిలవాల్నట.’’

తాత నవ్వాడు. ‘‘గిది పెద్ద ముచ్చటనా బిడ్డా? కొట్టంల ఆరు బర్లున్నయి. మూడోదాన్ని రమ్మంటే వస్తదా? పేరు పెట్టి పిలిస్తేనే వస్తది.’’